గతించిన వారి పేర్లు – మన సాక్ష్యం

బిడ్డ పుట్టిన ఏడవ నాడు అఖీఖా చేసి, మంచి పేరు పెట్టి, ఆ పేరుకు తగినట్టు బ్రతకాలని దుఆ చేస్తాము. మంచి పేరు పెట్టడం తల్లిదండ్రుల బాధ్యత. దాన్ని నిలబెట్టుకోవడం బిడ్డ బాధ్యత. మరి మనిషి సమాధికి చేరిన తర్వాత మిగిలే పేరు ఎవరి బాధ్యత? చనిపోయిన మనిషి తన పేరును తాను కాపాడుకోలేడు. పొగిడితే వారించలేడు, నిందిస్తే జవాబు చెప్పలేడు. ఆ పేరు ఇక బ్రతికున్న వారి నాలుక మీదే ఉంటుంది. అంటే అది మన దగ్గర ఉంచబడిన అమానతు.

అమానతుకు రెండు విధాలుగా ద్రోహం జరుగుతుంది. ఉన్నదాన్ని కాజేయడం ఒకటి. లేనిదాన్ని కలిపి కల్తీ చేయడం మరొకటి. పేరు విషయంలోనూ అంతే. ఒకరి మంచిని మరుగుపరచడం ఎంత అన్యాయమో, ఒకరి తప్పును తుడిచివేసి లేని వన్నెలు దిద్దడం కూడా అంతే అసత్యం. ఈ మాట వినడానికి తేలికే. కానీ పరాయి పాలకులతో పోరాడి ప్రాణమిచ్చిన వీరుని జీవితంలో ఒక పెద్ద తప్పు కూడా కనిపిస్తే ఏం చేయాలి? దాన్ని పిల్లలకు చెప్పాలా, దాచాలా? పశ్చిమ ఆఫ్రికాలోని వోలోఫ్ జాతి రాజుల చరిత్ర ఈ ప్రశ్నను సూటిగా మన ముందు ఉంచుతుంది.

వోలోఫులు, వారి రాజ్యాలు

నేటి సెనెగల్ దేశంలో నూటికి తొంభై మందికి పైగా ముస్లిములే. అక్కడ అన్ని జాతుల వారూ సంతలోనూ వీధిలోనూ మాట్లాడుకునే భాష వోలోఫ్. ఆ భాషలో ఒక ముచ్చటైన మాట ఉంది: ‘సంత్’. ఇంటిపేరును ‘సంత్’ అంటారు. పొగడటాన్ని, కృతజ్ఞత తెలపడాన్ని కూడా ‘సంత్’ అనే అంటారు. ‘సంత్ యల్లా’ అంటే అల్లాహ్‌ను స్తుతించడం. ఇద్దరు ఎదురుపడితే ఒకరి ఇంటిపేరు ఒకరు పలికి పలకరించుకుంటారు. ఎదుటివాని ఇంటిపేరు పలకడమంటే అతని పెద్దలను గౌరవించడమేనని వారి భావన.

ఐరోపా వారు వచ్చే నాటికి ఈ జాతికి పేరున్న రాజ్యాలు ఉండేవి. సెనెగల్ నది సముద్రంలో కలిసే చోట వాలో, దాని దక్షిణాన సముద్రతీరం వెంట కాజోర్, దాని కింద బావోల్, లోపలి భూముల్లో జోలోఫ్. కాజోర్ రాజును ‘దామెల్’ అనీ, జోలోఫ్ రాజును ‘బూర్బా’ అనీ పిలిచేవారు. ఇస్లాం ఆ ప్రాంతానికి శతాబ్దాల క్రితమే చేరింది. దర్బారులో ఖాజీలు ఉండేవారు, పల్లెల్లో ఖుర్ఆన్ పాఠశాలలు నడిచేవి. అయినా అనేకమంది రాజులు, వారి సైనికులు మద్యానికీ దోపిడీకీ అలవాటుపడ్డారు. పట్టుకున్న మనుషులను ఐరోపా వర్తకులకు అమ్మి తుపాకులు కొనుక్కున్నారు. 1670ల్లో నది ఉత్తరపు ఒడ్డు నుంచి నాసిరుద్దీన్ అనే ధర్మపండితుడు, రాజు ప్రజల కోసమే గాని ప్రజలు రాజు కోసం కారని బోధిస్తూ పెద్ద సంస్కరణోద్యమం నడిపారు. నదీముఖంలో కోట కట్టుకున్న ఫ్రెంచి వర్తకులు పాత రాజుల పక్షం వహించారు. కొద్ది సంవత్సరాలకే ఆ ఉద్యమం అణచివేతకు గురైంది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ కిరీటాలు మచ్చలేనివి కావు. అయినా 19వ శతాబ్దంలో ఫ్రెంచి వారు వర్తకం వదిలి రాజ్యాల మీద పడినప్పుడు, ఆ కిరీటాలు ధరించిన వారిలో కొందరు తల వంచలేదు.

రాణి, ఆమె కుమారుడు

మొదటి దెబ్బ వాలో మీద పడింది. 1846 నుంచి ఆ రాజ్యాన్ని నడిపిస్తున్నది న్దాతే యల్లా అనే రాణి. ఆమె పేరులోని యల్లా అనే మాటకు వోలోఫ్‌లో అర్థం అల్లాహ్ అనే. 1854లో సెనెగల్ గవర్నరుగా వచ్చిన ఫెదెర్బ్ మరుసటి సంవత్సరమే వాలోను జయించి ఫ్రెంచి పాలనలో కలిపాడు. రాణి లొంగలేదు. కాజోర్‌లో తలదాచుకుని 1860లో అక్కడే మరణించింది.

ఆమె కుమారుడు సిద్యా ఫ్రెంచి వారి చేతికి చిక్కాడు. నాయకుల పిల్లలను తెచ్చి చదివించేందుకు ఫెదెర్బ్ 1855లో సెయింట్ లూయీ పట్టణంలో ఒక బడి పెట్టాడు. దాని పేరే బందీల బడి. పిల్లవానిని అక్కడ చేర్చారు. క్రైస్తవం ఇప్పించి లియోన్ అని పేరు మార్చారు. ఫెదెర్బే ధర్మపితగా నిలిచాడు. మనిషిని గెలవాలంటే ముందు అతని పేరును మార్చాలని పాలకులకు బాగా తెలుసు. కానీ పెరిగి పెద్దవాడైన సిద్యా 1869లో ఆ పాలకుల మీదే తిరగబడ్డాడు. తల్లి పేరుతో కలిసిన సిద్యా న్దాతే యల్లా అన్న పేరుతోనే చరిత్రలో మిగిలాడు.

లాత్ జోర్

వోలోఫ్ రాజులందరిలోనూ ఎక్కువగా వినబడే పేరు లాత్ జోర్. తల్లి పేరు కలిపి లాత్ జోర్ న్గోనే లతీర్ జోప్ అంటారు. 1842 ప్రాంతంలో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో కాజోర్‌కు దామెల్ అయ్యాడు. ఫ్రెంచి వారు తమ మాట వినే మరొకరిని గద్దె మీద కూర్చోబెట్టాలని చూశారు. 1863 డిసెంబరులో న్గోల్‌గోల్ వద్ద లాత్ జోర్ వారి దళాన్ని చిత్తుగా ఓడించాడు. కానీ రెండు వారాలకే, 1864 జనవరిలో, లోరో వద్ద ఓడిపోయి రాజ్యం విడిచి దక్షిణానికి వెళ్లవలసి వచ్చింది.

ఆ పరాజయమే ఆయన జీవితంలో పెద్ద మలుపు. దక్షిణాన రిప్ ప్రాంతంలో మాబా జాఖూ బా అనే ధర్మపండితుడు ఇస్లామీయ రాజ్యం నెలకొల్పేందుకు పోరాడుతున్నారు. లాత్ జోర్ ఆయన వద్ద ఆశ్రయం పొంది, ఇస్లాంను గట్టిగా పట్టుకున్నాడు. 1867లో సోంబ్ వద్ద జరిగిన యుద్ధంలో మాబా మరణించారు. లాత్ జోర్ తిరిగి కాజోర్ చేరి పోరాటం కొనసాగించాడు. చివరకు 1871లో ఫ్రెంచి వారే ఆయనను దామెల్‌గా గుర్తించారు. ఆయనను అనుసరించి కాజోర్ ప్రజల్లో అనేకులు ఇస్లాం వైపు మళ్లారు.

తర్వాత వివాదం రైలు మీద వచ్చింది. కాజోర్‌లో పండే వేరుశనగను రేవుకు తరలించడానికి డకార్ నుంచి సెయింట్ లూయీ దాకా రైలుమార్గం వేయాలని ఫ్రెంచి వారు కోరారు. 1879లో లాత్ జోర్ ఒప్పందం చేసుకున్నాడు. పట్టాలతో పాటు సైన్యం వస్తుందని, సైన్యంతో పాటు తన దేశం పోతుందని గ్రహించి వెనక్కి తగ్గాడు. పాలకులు ఆగలేదు. 1885లో రైలు నడిచింది. తన గుర్రం మలావ్ ఆ ఇనుప పట్టాలను ఎన్నటికీ చూడబోదని లాత్ జోర్ శపథం చేశాడని జనం నేటికీ చెప్పుకుంటారు. 1886 అక్టోబరు చివర దెఖెలే అనే చోట ఫ్రెంచి దళం ఆయనను చుట్టుముట్టింది. ఆ దళం పక్షాన ఒకప్పటి ఆయన సేనాని దెంబా వార్ కూడా ఉన్నాడు. ఆ రోజు అస్ర్ నమాజు తన గురువు మాబాతో కలిసి చేస్తానని ఆయన అన్నట్టు గాయకులు చెబుతారు. మాబా చనిపోయి అప్పటికి పంతొమ్మిదేళ్లు. లాత్ జోర్ ఆ యుద్ధంలోనే నేలకొరిగాడు.

అల్బూరీ ప్రవాసం

జోలోఫ్ బూర్బా అల్బూరీ న్జాయ్ దారి వేరు. 1890లో ఫ్రెంచి సైన్యం తన రాజధాని యాంగ్ యాంగ్ మీదికి వస్తున్నప్పుడు ఆయన లొంగిపోలేదు. తన వారిని వెంటబెట్టుకుని తూర్పుకు ప్రయాణమయ్యాడు. ఫ్రెంచి వారితో పోరాడుతున్న ఇతర ముస్లిం నాయకులతో కలిశాడు. వెనక్కి తిరగలేదు. 1901 ప్రాంతంలో, స్వదేశానికి ఎంతో దూరాన, నేటి నైజర్ దేశంలోని దోస్సో సమీపంలో మరణించాడు. ఆయన చిన్న కొడుకు బూనా మాత్రం ఫ్రెంచి వారికి చిక్కి, వారి బడిలో చదివి, 1895లో వారి తరఫునే జోలోఫ్ నాయకుడయ్యాడు. ఒకే ఇంట్లో తండ్రి ప్రవాసి, కొడుకు ఉద్యోగి! ఆ చిన్న పిల్లవానిని తప్పుపట్టే ముందు, అతని చేతిలో ఎంత ఉందో కూడా ఆలోచించాలి.

విగ్రహం మీది పేరు, నాలుక మీది పేరు

లాత్ జోర్ మరణించిన మరుసటి ఏడు, 1887లో, సెయింట్ లూయీ కూడలిలో ఫెదెర్బ్ విగ్రహం లేచింది. సెనెగల్ తన గవర్నరుకు కృతజ్ఞతతో ఉందని దాని మీద చెక్కించారు. ఆ కృతజ్ఞత తెలిపిన సెనెగల్ ఎవరో, దెఖెలేలో పడిపోయిన వారు మాత్రం కాదు. 1897లో నది మీద కట్టిన పెద్ద వంతెనకూ ఆయన పేరే పెట్టారు.

ఓడిపోయిన వారికి అప్పుడు విగ్రహాలు లేవు. వంశచరిత్రలు పాడే గాయకుల నోటిలో, బిడ్డలకు పెట్టే పేర్లలో వారు మిగిలారు. కాలం తిరిగింది. 1960లో సెనెగల్ స్వతంత్రమైంది. థియేస్ పట్టణంలో ఆటల మైదానానికి లాత్ జోర్ పేరు పెట్టారు. ఫ్రెంచి రాతలో డియోప్‌గా కనిపించే ఆయన ఇంటిపేరును డకార్ విశ్వవిద్యాలయం కూడా మోస్తోంది. చరిత్రకారుడు షేఖ్ అంతా జోప్ స్మృతిగా దానికి ఆ పేరు వచ్చింది. 2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ మొదటి మ్యాచ్‌లో సెనెగల్ ఫ్రాన్స్‌ను 1–0తో ఓడించినప్పుడు, ఆ ఒక్క గోలు చేసిన ఆటగాని ఇంటిపేరు కూడా జోపే. ఇక ఫెదెర్బ్ విగ్రహం 2017 సెప్టెంబరులో గాలివానకు కూలింది. తిరిగి నిలబెట్టారు. 2020లో దాన్ని కూడలి నుంచి తొలగించారు, కూడలి పేరు కూడా మార్చారు. వంతెనకు మాత్రం ఆ పేరు ఈనాటికీ ఉంది.

ఇది చూసి సంతోషపడి ఊరుకుంటే మన వ్యాసం ఇక్కడే ముగిసేది. కానీ 1875వ సంవత్సరం మన దారికి అడ్డుగా నిలబడి ఉంది.

1875లో జరిగింది

ఆ రోజుల్లో సెనెగల్ నది ప్రాంతం నుంచి అహ్మదూ షేఖూ అనే ముస్లిం నాయకుడు బయలుదేరి జోలోఫ్‌లో బలపడ్డాడు. 1869లో ఫ్రెంచి వారి మీద పోరాటంలో లాత్ జోర్‌కు తోడు నిలిచిన మనిషి ఆయనే. కానీ ఆయన బలం పెరిగిన కొద్దీ కాజోర్ గద్దెకు ముప్పుగా కనిపించింది. లాత్ జోర్, అల్బూరీ ఇద్దరూ ఫ్రెంచి వారితో చేతులు కలిపారు. 1875 ఫిబ్రవరిలో సంబా సాజో వద్ద జరిగిన యుద్ధంలో అహ్మదూ షేఖూ, ఆయన అనుచరులు అనేకులు హతులయ్యారు. ఆ విజయంతోనే అల్బూరీకి జోలోఫ్ గద్దె దక్కింది.

అదే ఏడు చివర, ఫ్రెంచి వారి మీద తిరగబడిన సిద్యా లాత్ జోర్ చేతికి చిక్కాడు. లాత్ జోర్ అతన్ని ఫ్రెంచి వారికి అప్పగించాడు. వారు అతన్ని ఓడ ఎక్కించి దూరాన గాబోన్‌కు పంపారు. 1878లో సిద్యా అక్కడే మరణించాడు.

పదకొండేళ్లు గడిచాయి. 1886లో ఫ్రెంచి దళం లాత్ జోర్ కోసం వచ్చినప్పుడు, మాబా లేరు, అహ్మదూ షేఖూ లేడు, సిద్యా లేడు. ఆయన వారిలో ఇద్దరిని తొలగించడానికి తానే సాయపడ్డాడు.

దాచడంలో మేలు ఉందా?

ఇక్కడ కొందరు న్యాయమైన అభ్యంతరమే చెబుతారు. అణగారిన జాతికి తల ఎత్తుకునే పేర్లు కావాలి, పాలకులు వంద అబద్ధాలు రాయించినప్పుడు మనం ఒక తప్పును దాస్తే ఏమి అంటారు. సెనెగల్ రచయిత షేఖ్ అలియూ న్దావ్ 1967లో ‘అల్బూరీ ప్రవాసం’ అనే ప్రసిద్ధ నాటకం రాశాడు. ప్రజలను కదిలించి ముందుకు నడిపే గాథలను సృష్టించడమే తన ఉద్దేశమని, అందుకు చరిత్రను సవరించవలసి వచ్చినా వెనుకాడనని ఆయన దాపరికం లేకుండా ప్రకటించాడు. నాటకం నాటకమని చెప్పి రాసిన వానిని మనం తప్పుపట్టము. కానీ చరిత్ర అని చెప్పి పిల్లలకు బోధించేటప్పుడు ఆ వెసులుబాటు మనకు లేదు.

దీనికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, నిసా సూరా 135వ ఆయత్ విశ్వాసులను న్యాయం కోసం నిలబడే సాక్షులుగా ఉండమంటుంది. ఆ సాక్ష్యం తమకూ, తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా సరే. మన పక్షపు వీరులు ఈ ఆజ్ఞకు మినహాయింపు కారు. రెండవది, అబద్ధం మీద కట్టిన గౌరవం నిలబడదు. ఇంట్లో వినని నిజాన్ని పిల్లవాడు ఏదో ఒక రోజు బయట వింటాడు. అప్పుడు అతడు వీరుని మీదే కాదు, చెప్పిన పెద్దల మీద కూడా నమ్మకం పోగొట్టుకుంటాడు. మూడవది అన్నింటికంటే ముఖ్యం. 1875ను తుడిచేస్తే, పరాయి వారు ఎలా గెలిచారన్న సంగతే తుడిచినట్టు అవుతుంది. వారి తుపాకుల బలం కొంత. ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారు ఒకరి మీద ఒకరు పరాయివాని సాయం కోరడం మరికొంత. దాచిన తప్పు నుంచి ఎవరూ పాఠం నేర్చుకోలేరు. ఆ తప్పును చేసిన రాజు తన ప్రాణంతో వెల చెల్లించాడు. మనం ఆ పాఠం కూడా నేర్చుకోకపోతే ఆ వెల వృథా.

దివ్యఖుర్ఆన్ పద్ధతిని గమనించండి. యూసుఫ్ (అ) సోదరులు ప్రవక్త కుమారులు. అయినా వారు తమ్ముణ్ణి బావిలో పడవేసిన సంగతిని ఖుర్ఆన్ దాచలేదు. అంతటితో ఆపనూ లేదు. వారు తప్పు ఒప్పుకోవడం, యూసుఫ్ (అ) క్షమించడం, తండ్రి వారి కోసం మన్నింపు కోరడం కూడా చెప్పింది. కథను సగంలో ఆపకపోవడమే న్యాయం.

మృతుల గురించి మాట్లాడే మర్యాద

అయితే మరో పక్క కూడా ఉంది. చనిపోయిన వారిని దూషించవద్దని, వారు తాము ముందుగా పంపుకున్న కర్మలను చేరుకున్నారని దైవప్రవక్త (స) వారించారు. బుఖారీ గ్రంథంలోని హదీసు ఇది. మరి సాక్ష్యం చెప్పాలా, నోరు మూసుకోవాలా?

ఈ రెంటినీ ఎలా కలపాలో మన హదీసు పండితులు ఆచరణలో చూపించారు. హదీసులు ఉల్లేఖించిన వేలాది మంది పేర్లు, జీవితాలు పరిశీలించడానికి వారు అస్మావుర్రిజాల్ అనే శాస్త్రాన్నే నెలకొల్పారు. ఎవరు నమ్మకస్తుడు, ఎవరికి జ్ఞాపకశక్తి తక్కువ, ఎవరు అబద్ధం చెప్పాడు అని నిర్మొహమాటంగా రాశారు. ధర్మాన్ని కాపాడటానికి అవసరమైన ఈ పనిని వారు పరోక్షనిందగా పరిగణించలేదు. కానీ దానికి హద్దులు పెట్టుకున్నారు. అవసరం ఉంటేనే మాట్లాడాలి. రుజువైనంత మేరకే మాట్లాడాలి. మనిషిలోని మంచిని కూడా చెప్పాలి. మనసులోని సంగతి అల్లాహ్‌కు వదిలిపెట్టాలి.

ఈ కొలతతో చూస్తే లాత్ జోర్ గురించి ఏం చెప్పగలం? తన దేశాన్ని పరాయి వారికి అమ్ముకోలేదు. ఓటమిలో అల్లాహ్ వైపు మళ్లాడు, తన ప్రజలకు ఆ దారి చూపాడు. గద్దెను కాపాడుకోవడానికి ఒకనాటి మిత్రుని మీదికి ఫ్రెంచి సాయంతో వెళ్లాడు, ఆశ్రయం ఇవ్వవలసిన వానిని శత్రువుకు అప్పగించాడు. చివరకు అదే శత్రువు ముందు తల వంచకుండా ప్రాణమిచ్చాడు. ఈ నాలుగు వాక్యాలూ కలిస్తేనే ఆయన పేరు. వాటిలో ఏ ఒక్కటి తీసివేసినా అది మరొకరి పేరు అవుతుంది. చేసిన దానికి ఆయన తౌబా చేసుకున్నాడో లేదో, అల్లాహ్ ఎలా తీర్పు ఇస్తాడో మన పరిధిలోనిది కాదు.

ఈ న్యాయం శత్రువుకు కూడా దక్కాలి. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పనివ్వరాదని మాయిదా సూరా 8వ ఆయత్ హెచ్చరిస్తుంది. ఫెదెర్బ్ వాలోను నేలమట్టం చేసిన మాట నిజం. పిల్లలను బందీలుగా చదివించిన మాట నిజం. 1857లో సెయింట్ లూయీ ముస్లిముల కోసం షరీఅత్ ప్రకారం తీర్పు చెప్పే న్యాయస్థానం ఏర్పరచిన మాట కూడా నిజం. దాని వెనుక రాజకీయం ఉండవచ్చు. అయినా ఉన్నది లేదనడం మన పని కాదు.

రాజు గుమ్మానికి వెళ్లని మనిషి

ఇదే కాజోర్‌లో ఆ రోజుల్లోనే మరొక పేరు పెరుగుతూ ఉంది. లాత్ జోర్ దర్బారులో ఖాజీగా ఉన్న పండితుని కుమారుడు షేఖ్ అహ్మదు బంబా. 1853 ప్రాంతంలో పుట్టారు. సంబా సాజో యుద్ధం తర్వాత అహ్మదూ షేఖూ అనుచరుల ఆస్తులను విజేతలు యుద్ధఫలంగా పంచుకోవచ్చని దర్బారు పండితుడు తీర్పు చెప్పగా, ఓడినవారు ముస్లిములు, వారి సొత్తు మనకు ధర్మసమ్మతం కాదని యువకుడైన బంబా వ్యతిరేకించినట్టు మురీదీ చరిత్రకారులు రాశారు. 1880ల ఆరంభంలో తండ్రి మరణించినప్పుడు, రాజు దగ్గర ఆ పదవి తీసుకోమని పెద్దలు సూచించారు. ఒక రాజు గుమ్మానికి తన అడుగులు పడటం దైవదూతలు చూస్తే తనకు సిగ్గు అని ఆయన నిరాకరించారు.

మనం ఇక్కడ ఆగి ఆలోచించాలి. 1875 నాటి తప్పును ఈనాడు నూట యాభై ఏళ్ల తర్వాత చెప్పడం ఏమంత కష్టం కాదు. రాజు బ్రతికి ఉన్నప్పుడు, తన తండ్రి ఆ రాజు కొలువులోనే ఉన్నప్పుడు, అది తప్పు అని చెప్పడమే కష్టం. పాలకుని పేరు పట్ల అసలైన హితం కోరేవాడు గాయకుడు కాడు. అతను బ్రతికుండగా నిజం చెప్పినవాడే.

బంబా ఆయుధం పట్టలేదు. బోధన, ఆరాధన, శ్రమ ఆయన మార్గం. రాజ్యాలు కూలిన తర్వాత దిక్కుతోచని ప్రజలు, పాత సైనికులు కూడా ఆయన చుట్టూ చేరారు. భయపడిన ఫ్రెంచి వారు 1895లో ఆయనను గాబోన్‌కు ప్రవాసం పంపారు. ఇరవై ఏళ్ల క్రితం సిద్యాను పంపిన దేశమే. సిద్యా అక్కడే చనిపోయాడు. బంబా 1902లో తిరిగి వచ్చారు. 1903లో మళ్లీ మౌరిటానియాకు పంపారు. తర్వాత 1927లో మరణించే దాకా ఆయనను కనిపెట్టి ఉంచారు. ఆయన కూడా చివరి కాలంలో పాలకులతో సర్దుబాటు చేసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన శిష్యులు ఫ్రెంచి సైన్యంలో చేరారు. ఇది కూడా చెప్పాలి. మనకు ఇష్టమైన వారి విషయంలో ఒక తూకం, మిగిలిన వారికి ఒక తూకం ఉండకూడదు.

ఆయన ఫోటోగా తెలిసినది ఒక్కటే ఉంది. తెల్లని వస్త్రంతో ముఖం సగం కప్పుకుని ఉంటారు. అయినా సెనెగల్‌లో ఆ పేరు వినబడని వీధి ఉండదు. ఏటా సఫర్ నెల 18న ఆయన స్థాపించిన తూబా నగరానికి లక్షలాది ప్రజలు తరలివస్తారు. ఆ రోజు ఆయన గెలిచిన యుద్ధానికి గుర్తు కాదు, ప్రవాసానికి బయలుదేరిన రోజుకు గుర్తు.

పేరు ప్రతిఫలం కాదు

పేరు నిలవడమే గొప్ప బహుమతి అని లోకం అనుకుంటుంది. మన ధర్మం అలా అనుకోనివ్వదు. ప్రళయదినాన మొట్టమొదట తీర్పు పొందే వారిలో ఒక యోధుడు ఉంటాడని, ధైర్యవంతుడని పిలిపించుకోవడానికే పోరాడినందున, ఆ పేరు లోకంలో ఎలాగూ దక్కింది గనుక అక్కడ అతనికి ఏమీ మిగలదని ముస్లిం గ్రంథంలోని హదీసు భయపెడుతుంది. ఫిరౌను పేరు కూడా నేటికీ నిలిచే ఉంది. పేరు నిలవడం వేరు, పేరు మేలుగా నిలవడం వేరు. ఇబ్రాహీం (అ) వేడుకున్నది తర్వాతి తరాలలో సత్యమైన ప్రస్తావన కోసం. షుఅరా సూరాలో ఆ దుఆ ఉంది. కీర్తి కావాలని కాదు, సత్యం కావాలని అడిగారు.

మనిషి చనిపోతే మూడు తప్ప అతని కర్మలన్నీ ఆగిపోతాయని దైవప్రవక్త (స) తెలిపారు: కొనసాగే దానం, ప్రయోజనకరమైన జ్ఞానం, తన కోసం దుఆ చేసే సంతానం. ఆ జాబితాలో మైదానం మీది పేరు లేదు, వంతెన మీది పేరు లేదు. లాత్ జోర్‌కు నేడు మేలు చేసేది థియేస్‌లోని ఆటల మైదానం కాదు. ఆయన మూలంగా నమాజు నేర్చుకున్న కుటుంబాలలో ఎవరైనా చేతులెత్తి మన్నింపు కోరితే, అది మేలు చేయవచ్చు.

గతించిన సమాజాల సంపాదన వారిది, మన సంపాదన మనది, వారి కర్మల గురించి మనల్ని ప్రశ్నించడం జరగదని బఖరా సూరా 134వ ఆయత్ బోధిస్తుంది. సంబా సాజో గురించి మనల్ని ఎవరూ అడగరు. కానీ వారి గురించి మనం ఏం పలికామో అడుగుతారు. ఎందుకంటే ఆ పలుకు మన కర్మ. నిజం దాచామా, కల్పించామా, వారి పాత పగలను మన ఇళ్లలో తిరిగి రగిలించామా అన్నది మన చిట్టాలోనే రాయబడుతుంది.

కాబట్టి సోదర సోదరీమణులారా! పిల్లలకు వీరుల కథలు తప్పక చెప్పండి. కథను సగంలో ఆపకండి. వీరుడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పండి, ఎక్కడ జారాడో కూడా చెప్పండి, చివర అతని మన్నింపు కోసం ఒక దుఆ నేర్పండి. మన చుట్టూ ఉన్న పెద్దలు, నాయకులు బ్రతికి ఉండగానే వారి తప్పును వారికి మర్యాదగా చెప్పే ధైర్యం అలవరచుకుందాం. ఏదో ఒక రోజు మన పేరు కూడా మరొకరి నాలుక మీద అమానతుగా మిగులుతుంది. ఆ రోజున వారు మన గురించి నిజమే చెప్పాలని, ఆ నిజం మనకు సిగ్గు కలిగించేది కాకూడదని కోరుకుందాం.

అల్లాహ్ మనకు నిజం పలికే నాలుకను, న్యాయం వైపు నిలిచే హృదయాన్ని ప్రసాదించుగాక! మనకు ముందు గతించిన విశ్వాసులందరినీ మన్నించుగాక! ఆమీన్.